నాలుగు చక్కెర పలుకులు

పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. ఆమె పోయి ఏడాది కావస్తోంది, నా కోపం మాత్రం పోలేదు. అది కూడా పోతే ఆమె నిజంగానే లేనట్టవుతుందని నాకు భయం.

మొన్న ఆ కోపం మళ్లీ రాజుకుంది. రోజంతా చీరలకు ఫాల్ కుట్టీ కుట్టీ కళ్లు పొడిబారి, ఇసుక పోసినట్టు గరగరలాడుతుంటే డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. మెడికల్ షాపులో డబ్బా చేతిలో పెట్టారో లేదో, ఎవరూ చదవని చోట, చీమతలకాయంత అక్షరాల్లో ఆ పేరు నా కంటబడింది. ట్రెహలోజ్. నేను కౌంటర్ ముందే నిలబడి, "ఈడికి గూడ వచ్చినవా?" అని దాన్ని అడిగాను. షాపతను తననే అన్నాననుకుని, "నేను రోజు ఈడనే ఉంట గద మేడం" అన్నాడు.

ఆ పేరును నాకు పరిచయం చేసింది ఆమె. నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉన్న వరసలో నాది మ్యాచింగ్ సెంటర్, పక్కది ఆమె గాజుల దుకాణం. మధ్యలో ఒక్క రేకు. ఆమె దగ్గినా, తుమ్మినా, గిరాకీని తిట్టినా నా దుకాణంలో తిట్టినట్టే ఉండేది. మధ్యాహ్నం కాస్త కునుకు పడుతుందనగా ఆ రేకు మీద గాజుల కడ్డీతో దబదబా బాది, "పిల్లా, బతికున్నవా?" అని అడిగేది. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లిని, అయినా ఆమెకు నేను పిల్లనే, నాకు ఆమె అక్క. పేరు చెప్పను. దుకాణానికి బోర్డు కట్టించుకొమ్మంటేనే "నా మొఖం అవుపడ్తలేదా, గదే బోర్డు" అన్న మనిషి, నేను ఇలా రాసి పేరు కూడా పెట్టానంటే ఏ లోకంలో ఉన్నా లేచి వచ్చి రేకు మీద బాదుతుంది.

గాజులతో పాటు బొట్టుబిళ్లలు, రిబ్బన్లు, పౌడర్లు, మొఖానికి రాసుకునే క్రీములు అమ్మేది. మనూర్ వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు ఆటోల్లో దిగేవారు. సరిహద్దు అవతలి వాళ్లు గాజులను "బళి" అని అడిగితే సగం కన్నడం, సగం తెలుగు కలిపి బేరం చేసేది. ఆ భాష ఆమెకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు, అయినా బేరం కుదిరేది.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు కనబడేది స్టీలు డబ్బా. గాజుల స్టాండు కింద, చెయ్యి చాపితే అందేటట్టు ఉండేది. దాని నిండా చక్కెర. పెళ్లికూతురు వచ్చి కూర్చుంటే చేతిని తన ఒళ్లోకి లాక్కుని, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల కణుపుల్ని ఒకసారి పిండి పిసికినట్టు పిసికేది. మట్టిగాజు ఎక్కించేటప్పుడు కణుపు దగ్గర నొప్పి పుడుతుంది, అక్కడ చెయ్యి గుంజుకుంటే గాజు పలుగుతుంది, పెళ్లిముందు గాజు పలిగితే పిల్ల తల్లి మొఖం మాడిపోతుంది. అందుకని ఆ క్షణానికి ముందు, డబ్బాలోంచి చిటికెడు చక్కెర తీసి పిల్ల నోట్లో వేసేది. "నోరు తియ్యగుంటే చెయ్యి నొయ్యదే బిడ్డా" అనేది. పిల్ల నాలుక చక్కెరను వెతుక్కునే లోపల గాజు మణికట్టు మీద ఉండేది. నేను దుకాణం తెరిచిన రోజు నా చేతులకు కూడా అలాగే ఎక్కించింది. నిజంగానే నొయ్యలేదు.

అలాంటి మనిషికి షుగర్ వచ్చింది.

మా దగ్గర రోగం పేరూ షుగరే, డబ్బాలో ఉండేదీ షుగరే. నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, ఆమె ప్రాణం మీదికి వచ్చింది ఈ ఒక్క మాటతోనే. నేను ఇంటర్‌లో సైన్సు చదివినదాన్ని కాబట్టి, రోగం వేరు, చక్కెర వేరు అని చెప్పబోయాను. ఆమె గాజుల మీద దుమ్ము తుడుస్తూ, "రెంటికి ఒకటే పేరు పెట్టిన్రంటె రెండు ఒకటే అయ్యుంటయ్. గంత సదువుకున్నోళ్లు ఊకెనె పెడ్తరా పేరు?" అంది.

ఆ రోజు నుంచి ఆమె చక్కెర మీద పగబట్టింది. చాయ్‌లో మానేసింది. పండగ పూట బూరె వైపు చూడలేదు. బోరంచ నల్లపోచమ్మకు బోనం ఎత్తితే బెల్లపన్నం వండి తల మీద మోసుకుపోయేది, తాను మాత్రం ఒక మెతుకు ముట్టేది కాదు. కానీ దుకాణంలో డబ్బాను తీసెయ్యలేదు. పెళ్లికూతుళ్ల నోట్లో చిటికెడు వేస్తూనే ఉంది. వేసిన వెంటనే గాజు ఎక్కించి, లేచి వెళ్లి, ఎలుకల మందు ముట్టుకున్నట్టు వేళ్లను సబ్బుతో రుద్ది కడుక్కునేది. గిరాకీ ఎంత ఉన్నా సరే, కడుక్కున్నాకే ఇంకో మాట.

ఆమె కొడుకు మా డిపోలోనే కండక్టరు. అమ్మకు పొద్దు పోవాలని ఫోను కొనిచ్చాడు. ఆ ఫోనులో తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి షుగర్ ఉన్నవాళ్లకు సుద్దులు చెప్పేవాడు. డబ్బా మీద చక్కెర అని రాయకుండా మోసం చేస్తారనీ, పేరు చివర "ఓ, ఎస్, ఈ" అని ఉంటే అది చక్కెరేనని పట్టుకోవాలనీ చెప్పాడట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే వచ్చిన తిప్పలు. అబద్ధమైతే ఏదో ఒకనాడు బయటపడేది.

ఆమె తెలుగు బాగానే చదివేది. ఇంగ్లిషు అక్షరాలు క్రీము డబ్బాల మీద చూసి చూసి తానే నేర్చుకుంది. ఇక మొదలుపెట్టింది వేట. వచ్చిన ప్రతి డబ్బాను తిరగేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఎడమ కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క అక్షరం పలికేది. రేకు ఇవతల నేను జాకెట్ ముక్కలు కోస్తూ వింటుండేదాన్ని. గ్లూకోజ్ దొరికితే "దొరికిండు దొంగ" అని కేక. లాక్టోజ్ దొరికితే ఇంకో కేక. ఒకసారి ఏదో మాత్రల అట్ట మీద సెల్యులోజ్ దొరికితే, అది కట్టెల్లో, గడ్డిలో ఉండేదని, మనకు అరగనే అరగదని చెప్పాను. "గడ్డిల గూడ శక్కర వెట్టిన్రా?" అని చాలాసేపు ఆశ్చర్యపోయింది. ఆ సాయంత్రం దుకాణం ముందు ఆగిన బర్రెను జాలిగా చూసింది.

ఒకనాడు మనవడి కోసం కొన్న కేకు పాకెట్టు మీద కొత్త పేరు పట్టింది. నన్ను పిలిచి చూపించింది. ట్రెహలోజ్. నేనూ ఎప్పుడూ వినలేదు. నా ఫోనులో వెతికి, ఇదీ ఒక రకం చక్కెరేననీ, కేకు ఎండిపోకుండా మెత్తగా ఉండటానికి వేస్తారనీ చెప్పాను. పాకెట్టు బయటికి విసిరేసింది. మనవడు ఏడ్చాడు. కొన్నాళ్లకు సేల్స్ పిల్లగాడు కొత్త మొఖం క్రీము తెస్తే దాని మీదా అదే పేరు. చర్మం ఎండకుండా తడిని పట్టి ఉంచుతుందని ఆ పిల్లగాడు బతిమాలాడు. ఆమె ఒక్కటి కూడా తీసుకోలేదు. "మొఖానికి రాస్తే లోపటికి ఇంకదా? నా దుకాణంల కొన్న ఆడివిల్లకు రేపు షుగరొస్తే ఎవలు జవాబు?" అని పంపేసింది. అతను పోయాక రేకు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "కేకుల దొరికె, కిరీముల దొరికె. ఇది నా ఎంబడి వడ్డదే పిల్లా" అంది. నేను పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అప్పటికింకా నవ్వు వచ్చేది.

తర్వాత గాజుల రంగులు తప్పసాగాయి. ఆకుపచ్చ అడిగితే నీలం ఇచ్చేది. కుడికంటి ముందు నల్ల దారాలు ఆడుతున్నాయని చేత్తో తోసేది. అంతకాలం నోరు కట్టుకుంది కానీ మాత్రలు మాత్రం బుద్ధి పుడితే వేసుకునేది, లేకుంటే లేదు. "శక్కరే తింటలేను, ఇంగ మాత్రెందుకు?" అనేది. రోగం లోపల తన పని తాను చేసుకుంటూ పోయింది.

హైదరాబాద్‌లో కంటి దవాఖానకు నేనే తీసుకుపోయాను. కొడుకుకు డ్యూటీ. షుగర్ వల్ల కంటి లోపల నీరు చేరి వాచిందనీ, రెండు కళ్లకూ సూది మందు వెయ్యాలనీ, ఆలస్యం చేస్తే చూపు పోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. కంట్లోకి సూది అనగానే నేను నా కళ్లే మూసుకున్నాను. ఆమె మాత్రం, "ఎయ్యుర్రి. పెండ్లిపిల్లల చేతులు నొప్పిచ్చిన, నాకు గింత నొప్పైతే ఏమైతది?" అంది. అంత ధైర్యంగా ఒప్పుకుంది. ఇది నేను మరిచిపోలేను. ఆమె సూదికి భయపడలేదు.

మందు కింద షాపులో కొని ఐసు సంచిలో పెట్టి పట్టుకుని కూర్చోవాలి. పిలిచే దాకా బెంచీ మీద కూర్చున్నాం. సంచి ఆమె ఒళ్లో ఉంది. డబ్బా చేతిలో ఉంటే ఆమె ఊరుకుంటుందా? నేను నీళ్ల సీసా నింపుకుని వచ్చేసరికి డబ్బా బయట ఉంది, కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి. చూపు మిగిలిన ఎడమ కంటికి ఆనించి అక్షరాలు పలుకుతోంది. టీ, ఆర్, ఈ, హెచ్... మొదటి మూడింటికే నాకు అర్థమైంది. ఆమె చివరి దాకా పలికింది. ఓ, ఎస్, ఈ. డబ్బాను సంచిలో పెట్టి, మూతి బిగించి, లేచి నిలబడింది.

"లే పిల్లా, పోదం."

"అక్కా, కూసో. డాక్టరమ్మను అడుగుదం."

"అడిగేదేమున్నది? షుగర్ తోని కన్ను పాడాయె అన్నది ఆమెనే. మల్ల కంట్లకు షుగరే ఎక్కిస్తదట. కాలిన కాడ నిప్పు వెడ్తరా ఎవలన్న?"

నేను లోపలికి ఉరికాను. డాక్టరమ్మ మంచిది, రద్దీలోనూ ఆగి చెప్పింది. మందు చాలా నాజూకైందనీ, చెడిపోకుండా, విరిగిపోకుండా ఈ చక్కెర దాన్ని పట్టి ఉంచుతుందనీ, ఒంట్లో షుగర్ దీనివల్ల పెరగదనీ చెప్పింది. "ఒక సూదిలో మహా అయితే నాలుగైదు చక్కెర పలుకులంత ఉంటుందమ్మా. పుట్టగొడుగుల్లో దొరికే చక్కెరే ఇది, విషం కాదు" అంది. నేను ఆ మాటలన్నీ ఒళ్లో పోసుకుని బయటికి వచ్చేసరికి ఆమె గేటు దగ్గర ఉంది.

బస్సులో సంగారెడ్డి దాకా బతిమాలాను, జోగిపేట దాకా తిట్టాను. చివరికి ఆమెకు తెలిసిన భాషలో, ఊరగాయ తొక్కును చూపి చెబుదామనుకుని, "తొక్కుల ఉప్పెందుకేస్తవ్ అక్కా? తొక్కు ఖరాబు కాకుండ ఉండనీకె గద. ఇది గూడ గంతే" అన్నాను. గెలిచాననుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే, "మరి బీపీ ఉన్నోళ్లను తొక్కు తినొద్దని ఎందుకంటరే?" అంది.

నాలుగైదు పలుకులేనని చెప్పాను. "ఇసం సుక్కైతే ఇసం కాదా?" అంది. పుట్టగొడుగుల్లో, అంటే మా పుట్టకొక్కుల్లో, ఉండేదేనని చెప్పాను. అది ఇంకా పెద్ద తప్పయింది. వానాకాలం వస్తే పుట్టకొక్కుల కూర, జొన్నరొట్టె ఉంటే చాలు ఆమెకు. చేన్ల నుంచి ఎవరైనా తెస్తే రెండు గాజులు ఊరికే ఇచ్చి తీసుకునేది. ఆ ఏడు నుంచి పుట్టకొక్కులు కూడా మానేసింది. సూదికి ఒప్పించబోయి, నోటికి మిగిలిన ఒక్క రుచినీ ఊడగొట్టినట్టయింది.

కొడుకు కాళ్లు పట్టుకున్నాడు. కోడలు అలిగి అన్నం మానింది. పోచమ్మకు వెండి కండ్లు చేయించి మొక్కుదామని ఎవరో అంటే, "అమ్మేమన్న సదువుకున్నదా? సూదిల ఏమున్నదో అమ్మకేమెరుక?" అని కొట్టిపారేసింది. దేవుడి మీద కంటే డబ్బా మీది అక్షరం మీద ఎక్కువ నమ్మకం ఆమెకు. మొండితనమని ఊళ్లో అందరూ అన్నారు. నాకు అలా అనిపించదు. ఇన్నాళ్లూ నోరు కట్టుకుని ఆమె ఒక యుద్ధం చేసింది, దానిలో ఓడిపోవద్దనుకుంది. ఆ మాట అనుకుంటే కోపం కన్నా ఎక్కువ ఏడుపు వస్తుంది.

కుడికన్ను ముందు పోయింది. ఎడమ కంట్లో నెత్తురు దిగిన రోజు ఆమే అడిగింది, దవాఖానకు పోదామా అని. పోయాం. డాక్టరమ్మ లైటు వేసి చూసి, లైటు తీసేసి, ఇప్పుడు సూది వేసినా లాభం లేదని చెప్పింది. ఆమె నా వైపు తల తిప్పి, "చెప్పలే నేను, లాభం లేదని?" అంది. ఆ మాటకు నేను ఆమెను అక్కడే కొట్టి ఉండేదాన్ని. కొట్టలేదు, చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను.

చూపు పోయాక కూడా దుకాణం తెరిచింది. మణికట్టు పట్టుకుని గాజు ఎక్కించడానికి కళ్లక్కర్లేదు. రంగులు కోడలు సర్దిపెట్టిన వరసలో గుర్తుపెట్టుకుంది. డబ్బాలు చదవడం ఒక్కటే ఆగిపోయింది. నేను చదువుతానంటే వద్దనేది. రేకు అవతల ఆ అక్షరాలు పలికే గొంతు లేక నా మధ్యాహ్నాలు బోసిపోయాయి. పోయిన ఎండాకాలం దుకాణం మెట్టు కనబడక పడింది, తుంటి విరిగింది, మంచం మీద నుంచి మళ్లీ లేవలేదు. మెట్టు కనబడి ఉంటే ఇవాళ నన్ను "పిల్లా, బతికున్నవా" అని అడుగుతూ ఉండేది.

పడడానికి కొన్నాళ్ల ముందు ఒక మధ్యాహ్నం. మనూర్ నుంచి ఒకావిడ, పెళ్లి కుదిరిన బిడ్డను వెంటబెట్టుకుని గాజులకు వచ్చింది. నేను అప్పుడే చాయ్ తీసుకుని ఆమె దుకాణంలో కూర్చున్నాను. ఆమె చేత్తో తడిమి వరసలోంచి ఒక జత తీసి ఇచ్చింది.

"ఇవ్వి ఆకుపచ్చయి గాదక్కా, పసుపచ్చయి" అంది ఆవిడ. పొద్దున ఎవరో గిరాకీ వరస కలిపేసి పోయినట్టుంది.

"నీకు మంచిగ అవుపడ్తదే" అంది మా అక్క, తప్పు కప్పిపుచ్చుకోవడానికి నవ్వుతూ.

"అగొ, ఏడ అవుపడుతుండె? నాకు షుగర్ గద. రెండేండ్ల కింద మొఖాలే గుర్తు వడ్తలేకుండె. పట్నంల కంట్లకు సూదులేసిన్రు. ఇగ చూడు, బిడ్డ పెండ్లి నా కండ్లతోని చూస్త."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. మా అక్క పెళ్లిపిల్లను దగ్గరికి పిలిచింది, చెయ్యి ఒళ్లోకి తీసుకుంది, నోట్లో చిటికెడు చక్కెర వేసింది, రెండు చేతులకూ గాజులు ఎక్కించింది. ఒక్కటి కూడా పలగలేదు. వాళ్లు ఆటో ఎక్కి పోయారు. ఆమె లేచి చేతులు కడుక్కోవాలి. లేవలేదు.

కాసేపటికి డబ్బాను తడిమి ఒళ్లో పెట్టుకుంది. అరచేతిలోకి చారెడు చక్కెర వంచుకుని నా వైపు చాపింది.

"ఆ సూదిల గింతుండెనా?"

"లేదక్కా."

సగం డబ్బాలోకి వదిలింది. "గింతనా?"

"ఇంక తక్వ."

చెయ్యి మొత్తం దులిపేసి, రెండు వేళ్లతో చిటికెడు తీసింది. పెళ్లిపిల్లల నోట్లో వేసేంత. "గింత?"

నేను ఆమె మణికట్టు పట్టి కిందికి నొక్కాను. ఇంకా తక్కువేనని ఆమెకు తెలిసింది. చిటికెను నలుపుతూ కొంచెం కొంచెంగా రాల్చింది. డబ్బాలో చక్కెర మీద చక్కెర పడే చప్పుడు, బస్టాండు మోతలో కూడా నాకు వినబడింది. చివరికి చూపుడు వేలి కొన మీద అంటుకున్నవి మాత్రం మిగిలాయి.

"ఇప్పుడెన్నున్నయ్ పిల్లా?"

"నాలుగైదు పలుకులు."

"గంతేనా?"

"గంతే అక్కా."

ఆ వేలిని, వెనకటి అలవాటున, ఎడమ కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టడానికి రెండో చెయ్యి లేచింది. అద్దాలు పెట్టుకోవడం మానేసి చాలా రోజులైంది. చెయ్యి నుదుటి దగ్గర ఆగిపోయింది. తర్వాత వేలిని నాలుక మీద పెట్టుకుంది. ఎన్నేళ్లకో. నేను ఆమె నోటి వైపే చూస్తున్నాను. నాలుక కాసేపు లోపల వెతుక్కుంది, పెళ్లిపిల్లల నాలుక వెతుక్కున్నట్టే.

"గింతదానికి తీపి గూడ తెలుస్తలేదే" అంది.